పక్క లైన్లో నాన్న

పోయిన వారం మనం బన్నుని బడి గేటు దగ్గర వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట. ఓటు వెయ్యడానికి వచ్చిన జనం ఏట్లో రాయిని నీళ్ళు తప్పుకున్నట్టు ఆమెని తప్పుకుని లోపలికి వెళ్తున్నారు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పుకోవాలి. బన్ను అనేది ముద్దుపేరు. బేకరీ ఆయనకి ఒక్కగానొక్క కూతురు. అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు గుండ్రంగా, ఎర్రగా పుట్టిందని వీధంతా కలిసి పెట్టిన పేరది. డిగ్రీ చదివినా పోలేదు, పెళ్ళయినా పోలేదు. ఆ పెళ్ళి నాన్న దగ్గర పొయ్యి చూసే అబ్బాయితోనే జరిగింది. వీధిలో అతన్ని పొయ్యబ్బాయి అంటారు. చెప్తే నాన్న ఒప్పుకోడని భయపడి, చెప్పకుండానే వెళ్ళి రిజిస్టరు ఆఫీసులో సంతకాలు పెట్టేశారు. ఒప్పుకునేవాడో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. అడిగితే కదా. ఒకే పూట ఇటు కూతురూ అటు పొయ్యి చూసేవాడూ పోయేసరికి ఆ పెద్దమనిషి రెండు చేతులూ పడిపోయినట్టు కూర్చుండిపోయాడు. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాడు: "నాకు కూతురు లేదు." ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగో కాలు కళ్ళ ముందు ఆడించినా చూడడు.

ఇప్పుడు కొత్త దంపతులిద్దరూ ఊరికి ఆ చివర ఒక అద్దె గదిలో ఉంటున్నారు. గది ముందు మోకాలెత్తు పొయ్యి, ఒక తోపుడుబండి, దాని మీద రొట్టెలు. సంసారం చిన్నదే గానీ సంతోషానికి చోటు చాలడం లేదు. అయితే బన్ను ఓటు ఇంకా పాత వీధిలోనే ఉంది. ఆ వీధిలో అడుగు పెట్టడానికి ఇప్పుడు ఆమెకి మిగిలిన హక్కు అదొక్కటే. అందుకే పొద్దున్నే తలారా స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని బయల్దేరింది.

"లోపలికి వెళ్తావా, గేటుకి మూడో రెక్కలాగా ఇక్కడే ఉండిపోతావా?" అన్నాడు పొయ్యబ్బాయి రోడ్డు అవతల నుంచి. అతని ఓటు ఎక్కడో సొంతూళ్ళో ఉంది. ఇక్కడ అతని పని సైకిలు పట్టుకుని నీడలో నిలబడడం.

"మీరు నన్ను తొందరపెట్టకండి. నా అవస్థ నీకేం తెలుసు," అంది బన్ను.

నలుగురిలో ఉన్నప్పుడు 'మీరు', గదిలో ఉన్నప్పుడు 'నువ్వు' అని వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. రోడ్డు అనేది నలుగురి కిందికి వస్తుందో రాదో ఇంకా తేలలేదు.

"ఓటేగా వేసేది. పులినేం పట్టుకోవడం లేదు కదా."

"పులి లోపలే ఉంది. రెండో వాయి రొట్టెలు దింపగానే వచ్చి నిలబడతాడు ప్రతిసారీ. అదిగో, చూడు."

పొయ్యబ్బాయి మెడ సాచి చూశాడు. చూసి, ఎందుకైనా మంచిదని సైకిలు హ్యాండిలు వెనక్కి ఒదిగాడు. సైకిలు హ్యాండిలు వెనక మనిషి ఎంత దాక్కోగలడో అంతే దాక్కున్నాడు.

బడి వరండాలో రెండు లైన్లున్నాయి. ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది. మధ్యలో కొబ్బరితాడు కట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు ఇటునుంచి ఒకరిని, అటునుంచి ఒకరిని లోపలికి పంపుతున్నాడు. మగవాళ్ళ లైను మధ్యలో, తెల్ల చొక్కాలో నాన్న. చొక్కా ఉతికి ఉంది గానీ ఇస్త్రీ లేదు. చెవి మడతలో ఎప్పట్లాగే కాస్త పిండి ఉంది. ఎంత రుద్దుకున్నా ఆ పిండి అక్కడే ఉంటుంది. పని అయ్యాక దాన్ని తువ్వాలు కొసతో తుడవడం బన్ను పని. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు లేరు.

ఆమె వెళ్ళి ఆడవాళ్ళ లైన్లో చివర నిలబడింది. ముందున్న మనిషి వెనక్కి తిరిగి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ. బన్నువా?" అంది.

కుట్టత్త. బేకరీ పక్కనే కుట్టుమిషను పెట్టుకుని రవికెలు కుడుతుంది. మనసు వెన్న. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

"నేనే అత్తా. మెల్లగా మాట్లాడు."

"మెల్లగా ఎందుకు, దొంగతనం చేశావా. ఏదీ, ఇటు తిరుగు. చిక్కావు. కాదు, ఒళ్ళు చేశావు. ఏదో ఒకటి అయ్యావులే, మొహం మాత్రం కళకళలాడుతోంది. మీ ఆయన బాగా చూసుకుంటున్నాడా?"

"బాగా చూసుకుంటున్నాడు. నిన్న నాకు టీ పెట్టాడు. పంచదార బదులు ఉప్పు వేశాడు. తాగేశాను."

"తాగేశావా?"

"చెప్తే బాధపడతాడని చెప్పలేదు. తర్వాత తనూ తాగాడు. తనూ చెప్పలేదు. ఇద్దరం గ్లాసులు కడుక్కునేటప్పుడు నవ్వొచ్చేసింది."

కుట్టత్త ఆమె బుగ్గ మీద చిన్నగా కొట్టి, "పోన్లే, ఉప్పు తిన్న విశ్వాసం ఉంటుంది," అంది. తర్వాత గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గిస్తే నాలుగిళ్ళ అవతలికి మాత్రమే వినిపిస్తుంది. "మీ నాన్న సంగతి చెప్పనా. ఆ రొట్టె ఇప్పుడు రొట్టె కాదు తల్లీ, ఇటుక. నా మిషను ఊగుతోందని ఒక ముక్క కాలి కింద పెట్టాను. ఊగడం ఆగింది."

"అదేంటత్తా. నాన్న చేతి రొట్టె అలా అవదే."

"చెయ్యి అదే, పిండి అదే, పొయ్యీ అదే. ఆ వాసన లేదు. ఇదివరకు తుంపితే కమ్మగా, కొంచెం పుల్లగా వచ్చేది చూడు, అది. ఇప్పుడు అంగట్లోంచి పొట్లం తెచ్చి పొడి కలుపుతున్నాడు. నేను కళ్ళారా చూశాను."

బన్నుకి సంగతి అర్థమైంది. పొట్లం పొడి వాడుతున్నాడంటే పాతపిండి పోయిందన్న మాట.

పెరుగుకి తోడు దాచుకున్నట్టు ఆ బేకరీలో రోజూ కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసి, తడిగుడ్డ చుట్టి జాడీలో దాస్తారు. మర్నాటి పిండి దానితోనే పొంగుతుంది. ఆ పిండిలోంచి మళ్ళీ ఒక ముద్ద. అలా తాతల నాటి నుంచి తెగకుండా వస్తున్న పిండి అది. కలపడం నాన్న పని. ముద్ద తీసి దాచడం అమ్మ పని. అమ్మ పోయాక బన్ను పని. నాన్న జన్మలో ఒక్కసారి కూడా ఆ జాడీ మూత ముట్టుకుని ఎరగడు. ఇంట్లోంచి వచ్చేసిన రోజున బన్ను ముద్దని రెండు చేసి, సగం తను తెచ్చుకుని సగం జాడీలోనే ఉంచింది. మర్నాడు ఆ సగంతో ఆయన పిండి కలిపి ఉంటాడు. పొంగి ఉంటుంది. ముద్ద తియ్యాల్సిన మనిషి లేదన్న సంగతి తోచక, చేతి అలవాటు కొద్దీ మొత్తం పొయ్యిలోకి తోసేసి ఉంటాడు. ఆ పూట రొట్టెలు బ్రహ్మాండంగా వచ్చి ఉంటాయి. తర్వాత జాడీ తెరిచి చూసుకున్నప్పుడు ఆయన మొహం ఎలా అయిపోయిందో బన్ను ఊహించుకోలేకపోయింది. ఊహించుకుంది కూడా. అందుకే కళ్ళు తుడుచుకుంది.

లైను కదిలింది. ఆడవాళ్ళ లైను నాలుగడుగులు ముందుకి జరిగి ఆగింది. మగవాళ్ళ లైను కదల్లేదు, లోపల ఎవరో పెద్దాయన తన పేరు తనే మర్చిపోయాడట. దాంతో బన్నూ నాన్నా సరిగ్గా పక్కపక్కకి వచ్చారు. మధ్యలో కొబ్బరితాడు.

నాన్న ఎదుటివాడి వీపుని చదువుతున్నట్టు చూస్తున్నాడు. బన్ను కుట్టత్త జడకుచ్చుల్ని లెక్కపెడుతున్నట్టు చూస్తోంది. కుట్టత్త ఇద్దరినీ చూస్తోంది. ఈ ముగ్గురినీ రెండు లైన్లూ చూస్తున్నాయి.

"అత్తా," అంది బన్ను చివరికి. "పక్క లైన్లో ఉన్నాయనకి ఒక మాట చెప్పు. మా దగ్గర పాతపిండి బాగానే ఉందని."

"తమ్ముడూ, విన్నావుగా," అంది కుట్టత్త. "మళ్ళీ నేను చెప్పడమెందుకు, నా గొంతేమన్నా మైకు అద్దెకిచ్చానా."

నాన్న వీపు మీంచి చూపు తియ్యలేదు. "అక్కయ్యా, నేను ఓటెయ్యడానికి వచ్చాను. పిండి కొనడానికి కాదని చెప్పు."

"అమ్మడానికి రాలేదని చెప్పు అత్తా. ఊరికే ఇస్తానని చెప్పు."

"ఊరికే వచ్చేది నేను తీసుకోనని చెప్పు అక్కయ్యా."

"ఊరికే వచ్చేది కాదు, అది వాళ్ళ తాతల సొత్తేనని చెప్పు."

"మా తాతలెవరో ఆవిడకెందుకని చెప్పు."

"ఏమిటర్రా మీ ఇద్దరూ," అంది కుట్టత్త. "నేను ఇటు తిరగాలా, అటు తిరగాలా. మెడ పట్టేస్తే మీలో ఎవరు తైలం రాస్తారు?"

వెనకాల ఎవరో నవ్వారు. నాన్న నవ్వలేదు. కానీ ఎదుటివాడి వీపుతోనే అన్నట్టు, "తడిగుడ్డ రోజుకి రెండుసార్లు మారుస్తోందా అని అడుగు," అన్నాడు.

బన్నుకి జడకుచ్చుల లెక్క తప్పింది. "మారుస్తున్నానని చెప్పత్తా. ఎండ ఎక్కువగా ఉన్న రోజున మూడుసార్లు."

"ఊఁ," అన్నాడు నాన్న.

ఆ 'ఊఁ' ఎంత చిన్నదో అంత చిన్నది. అయినా దాన్ని అలా అరచేతిలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తుకుపోదామా అనిపించింది బన్నుకి. ఓటు సంగతి కూడా ఒక క్షణం మర్చిపోయింది. ఇంతలో లోపల పెద్దాయనకి తన పేరు గుర్తొచ్చింది కాబోలు, మగవాళ్ళ లైను చకచకా కదిలి నాన్నని తలుపు దాకా తీసుకుపోయింది. వెంటనే ఆడవాళ్ళ లైనూ కదిలింది. కుట్టత్త లోపలికి వెళ్ళింది. తర్వాత కానిస్టేబులు బన్ను వైపు చూసి తలూపాడు. నాన్న గడప బయటే, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. ఆయన పక్కనుంచి వెళ్తుంటే కాల్చిన పిండి వాసన వచ్చింది.

లోపల ఒకటో తరగతి గది. బల్లలన్నీ ఒక మూలకి నెట్టేశారు. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు గీసిన బొమ్మ, ఏనుగో ఇల్లో చెప్పడం కష్టం. కిటికీ పక్కన అట్టలతో కట్టిన మూడు గోడల చాటు. దాని వెనక కుట్టత్త కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక బల్ల వెనక పోలింగ్ ఆఫీసరు మేడం. రాత్రంతా ఆ బడిలోనే పడుకుని ఉంటుంది, జడలో ఒక గడ్డిపోచ ఉంది. పక్కన సిరా సీసాతో ఒక కుర్ర ఉద్యోగి, వేలు మీద గీత గీసినప్పుడల్లా తల పక్కకి వంచి తన పనితనం చూసుకుంటున్నాడు. గోడ వారన ఇద్దరు ముగ్గురు ఏజెంట్లు.

మేడం బన్ను కార్డు చూసింది, జాబితాలో వేలు పెట్టింది, ఆగింది.

"అమ్మా, మీ పేరు పక్కన గుర్తు ఉంది. ఈ ఇంట్లో ఈ మనిషి లేదు అని."

"నేనేనండీ. పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళాను. అక్కడికింకా మార్పించుకోలేదు."

"అది సరే. ఇళ్ళు తిరిగి అడిగినప్పుడు మీ ఇంటివాళ్ళే లేదని చెప్పారు కాబట్టి ఊరికే పంపలేను. మీరే ఆ మనిషని ఎవరైనా చెప్పాలి. తర్వాత వేలిముద్ర తీసుకుని పంపిస్తాను."

"నేను చెప్తాను," అంది అట్టగోడల వెనక నుంచి కుట్టత్త. "దాని మొదటి గౌను నేనే కుట్టాను."

"అమ్మా, మీరు ముందు ఓటెయ్యండి. అక్కణ్ణుంచి మాట్లాడకూడదు."

"చేత్తో వేస్తున్నాను, నోరు ఖాళీగానే ఉంది."

కుర్ర ఉద్యోగి సిరా పుల్ల వణికింది. మేడం నవ్వు ఆపుకుని బన్ను వైపు తిరిగింది. "వీధివాళ్ళ మాట కాదమ్మా. లేదన్నది ఇంటివాళ్ళు. ఉందని కూడా ఇంటివాళ్ళే అంటే నాకు పేచీ ఉండదు. మీ ఇంటి మనిషి ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఎవరు లేదన్నారో బన్నుకి తెలుసు. ఇళ్ళు తిరిగే మనిషి పెద్ద పుస్తకం పట్టుకుని బేకరీ మెట్టు మీద నిలబడి ఉంటాడు. నాన్న చేతులకి పిండితోనే, తల ఎత్తకుండా ఆ మాట అనేసి ఉంటాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చెయ్యి చూపిస్తే చాలు. గడప అవతలే ఉన్నాడు. కానీ అందరి ముందూ అడిగించాక ఆయన మళ్ళీ అదే మాట అంటే? కొట్టు మెట్టు మీద అన్న మాట వేరు, చుట్టుపక్కల వాళ్ళు గాలికి వదిలేస్తారు. ఇక్కడ అంటే సంతకం పెట్టించుకుంటారు. సంతకం పెట్టిన మాటని నాన్న చచ్చినా మార్చడు. పోనీ మాట మార్చుకున్నాడే అనుకో, వీధంతా చూస్తుండగా తల దించుకున్నట్టవుతుంది. ఆ 'ఊఁ' ఒక్కటి చేతిలో ఉంది కదా, దాన్ని కూడా పోగొట్టుకోవడం దేనికి. ఓటు పోతే పోయింది. మళ్ళీసారి వేసుకోవచ్చు.

"లేరండీ," అంది బన్ను. "నాకు ఇక్కడ ఎవరూ లేరు."

అట్టగోడల వెనక కుట్టత్త కాళ్ళు కదలడం మానేశాయి.

"ఎవరూ లేరా?" అంది మేడం.

"ఎవరూ లేరంటుందేమిటండీ ఆవిడ," అని వినిపించింది గడప దగ్గర నుంచి.

కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు. నాన్న ఆ చేతిని, పొయ్యి ముందుకి వచ్చిన పిల్లిని తప్పించినట్టు మెల్లగా పక్కకి జరిపి లోపలికి వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. అది కోపమో మరొకటో, ఏళ్ళ తరబడి ఆ మొహం చూస్తూ పెరిగిన బన్నుకి కూడా తెలియలేదు.

"మీరెవరు?" అంది మేడం.

"బేకరీ."

"బేకరీ సరే. ఈమె ఎవరో మీకు తెలుసా?"

"తెలుసు."

"మీకేమవుతుంది?"

చెప్పాల్సిన మాట నాన్న నాలుక మీదే ఉంది. దాన్ని బయటికి రానివ్వకుండా ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చిన మాట అడ్డం పడుకుని ఉంది. బయట రెండు లైన్లూ గడప దగ్గర ఒకటైపోయాయి, తొంగి చూసే తలకాయలకి ఆడామగా తేడా లేకుండా పోయింది. బన్ను నేల చూపులు చూస్తోంది. అనకు నాన్నా, ఏదీ అనకు, ఊరికే వెళ్ళిపో అని మనసులోనే చెప్పుకుంటోంది.

"ఆవిడ నాకేమవుతుందో అది వేరే సంగతి," అన్నాడు నాన్న చివరికి. "నేను ఆవిడకి నాన్నని."

మేడం కలం ఆగిపోయింది. "రెండూ ఒకటే కదండీ."

"మీకు ఒకటే. కూతురు లేదని వీధంతా చెప్పాను. చెప్పిన మాట చెప్పినట్టే ఉంది. కానీ నేను నాన్నని కానని ఎవరితోనైనా అన్నానా? అడగండి. ఇందులో ఎవరితోనైనా అన్నానేమో అడగండి."

ఆయన నిజంగానే అనలేదు.

"ఇంట్లో ఆ మనిషి లేదన్నాను. లేదు కదా మరి. ఉంటే నేనెందుకు లేదంటాను," అన్నాడు నాన్న. గట్టిగా దగ్గాడు. "రాసుకోండి. తండ్రి అని రాసుకోండి. ఎక్కడ పెట్టాలో చెప్తే సంతకం పెడతాను."

మేడం కాగితం ముందుకి జరిపింది. ఆవిడ కళ్ళు కూడా కొంచెం మెరుస్తున్నాయి. రాత్రి నిద్ర లేకపోవడం వల్ల అనుకుందాం. నాన్న కాగితం మీదికి వంగి, పిండి మీద అచ్చు వేసినంత గట్టిగా సంతకం పెట్టాడు.

"సరే, మీరూ ఎలాగూ లోపలికి వచ్చారు, ఓటు వేసి వెళ్ళండి," అంది మేడం.

"నా ముందు ఒకాయన ఉన్నాడు. ఆయన అయ్యాకే," అని నాన్న వెళ్ళి గడప అవతల, తన చోట్లో తను నిలబడ్డాడు.

బన్ను వేలిముద్ర వేసింది. కుర్ర ఉద్యోగి ఆమె ఎడమచేతి వేలు మీద సిరా గీసి, తల వంచి చూసుకుని, ఇంకొంచెం గీశాడు. అట్టగోడల వెనకికి వెళ్తే బొమ్మలన్నీ నీళ్ళల్లో ఉన్నట్టు కనిపించాయి. కళ్ళు ఒకసారి, రెండుసార్లు తుడుచుకుంటే గానీ తనకి కావలసిన గుర్తు కనపడలేదు. మీట నొక్కింది. బీప్‌మని మోగింది. ఆ చిన్న మోత విని ఆమెకి ఎందుకో పట్టలేనంత నవ్వొచ్చింది.

బయటికి వచ్చేటప్పుడు నాన్న పక్క నుంచే రావాలి. వచ్చి, ఆగింది. కుట్టత్త ఈసారి మధ్యలో లేదు.

"నాన్నా."

ఆయన ముందువాడి వీపుకేసి చూశాడు, నేలకేసి చూశాడు, ఆఖరికి ఆమె వేలి మీద సిరాకేసి చూశాడు.

"ఎండలో నిలబడకు," అన్నాడు. "పో."

రోడ్డు దాటి నీడలోకి వచ్చేసరికి బన్ను నవ్వుతోందో ఏడుస్తోందో చూసేవాళ్ళకి తెలీడం లేదు. పొయ్యబ్బాయి కంగారుగా సైకిలు వదిలేశాడు, అది పడిపోయింది, దాన్ని ఎత్తబోతూ మానేశాడు.

"ఏమైంది? తిట్టాడా?"

"ఎండలో నిలబడకు అన్నాడు."

"అంతేనా?"

"అంతేనా అంటావేంటి. నాతో అన్నాడు. నాతోనే. మధ్యలో ఎవరూ లేరు." లోపల జరిగిందంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. 'మీరు' అనడం పూర్తిగా మర్చిపోయింది. నాన్న మాటల దగ్గరికి వచ్చేసరికి నాన్న గొంతుతో చెప్పబోయింది గానీ ఆ గొంతు పలకలేదు.

పొయ్యబ్బాయి ఆమె వేలు పట్టుకుని తన వేలికి గట్టిగా అదిమాడు.

"ఏం చేస్తున్నావు?"

"నాకూ కొంచెం అంటుతుందేమోనని. ఊళ్ళో అందరికీ ఉంది, నాకొక్కడికే లేదు."

అంటలేదు. సిరా అప్పటికే ఆరిపోయింది. అయినా ఆమె వేలు వెనక్కి తీసుకోలేదు, అతను వదల్లేదు. ఆ ధ్యాసలో గేటులోంచి నాన్న బయటికి రావడం ఇద్దరూ చూడలేదు. చూసేసరికి ఆయన రోడ్డు సగం దాటేశాడు, నేరుగా వాళ్ళ వైపే వస్తున్నాడు.

పొయ్యబ్బాయి చటుక్కున చెయ్యి వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. పొయ్యి ముందు నిలబడి చివాట్లు తిన్న రోజుల అలవాటది. నాన్న వచ్చి, కింద పడున్న సైకిలు చూశాడు. వంగి దాన్ని ఎత్తి, స్టాండు వేశాడు. చేతులు దులుపుకున్నాడు.

"రొట్టె బండి ఎలా ఉంది?" అన్నాడు అల్లుడి చొక్కా గుండీలతో.

"బాగానే ఉందండీ."

"అడుగు మాడుతోందని విన్నాను."

"పొయ్యి చిన్నదండీ. వేడి ఒక పక్కకే పోతోంది."

"ఇసుక పరవాలి కింద. అది కూడా చెప్పాలా." నాన్న బడి వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. చూడడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి మాట్లాడక తప్పలేదు. "రేపు పొద్దున దుకాణానికి రండి."

బన్ను అతని చెయ్యి మళ్ళీ పట్టుకుంది. నాన్న ఆ పట్టుకున్న చేతుల వైపు చూశాడు.

"ఇద్దరూ కాదు," అన్నాడు. "ఒక్కరే."

"ఒక్కరంటే ఎవరు నాన్నా?"

ఆయన అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. "ఒకే పూట ఇద్దరూ పోయారు," అన్నాడు తిరిగి చూడకుండా. "ఒకే పూట ఇద్దరూ వస్తే తట్టుకోలేను. ముందు ఎవరో మీరే తేల్చుకోండి."

తెల్ల చొక్కా మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు. గడప తొక్కి ఆయన మెడ చుట్టూ చేతులు వేసి ఏడవాల్సిన బాకీ బన్నుకి ఉంది. మండే పొయ్యిని మధ్యలో వదిలేసి వెళ్ళినందుకు ఆయన ముందు తల వంచి నిలబడాల్సిన బాకీ పొయ్యబ్బాయికి ఉంది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగారు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది.

"నేను వెళ్తాను."

పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య ఒక్క పోట్లాట కూడా రాలేదు. ఎలా పోట్లాడాలో ఇద్దరికీ తెలీదు. తెల్లారేలోగా నేర్చుకోవాలి.